చెట్టెక్కిన మొక్కలు

పిల్లలూ! మామిడితోటలోకి వెళ్ళినప్పుడు మీ చూపు మొదట దేనిమీద పడుతుంది? కాయల మీదనే కదా! ఈసారి వెళ్ళినప్పుడు కాయల సంగతి కాసేపు మరచిపోయి, ముసలి మామిడిచెట్ల కొమ్మలను పరిశీలనగా చూడండి. కొన్ని కొమ్మల మీద మామిడి ఆకులు కాని ఆకులు కనిపిస్తాయి. అంటే, మామిడిచెట్టు మీద మరొక మొక్క కాపురం పెట్టిందన్న మాట.

అదేమిటని తోటమాలిని అడగండి. "అది బదనిక. చెట్టు రసం పీల్చేస్తుంది. నరికి పారెయ్యాలి" అంటాడు. అతడు చెప్పినది అబద్ధం కాదు. అయితే అది సగం నిజం మాత్రమే. మన పల్లెల్లో చాలాచోట్ల రెండు వేరు వేరు మొక్కలను బదనిక అనే పిలుస్తారు. వాటిలో ఒకటి దొంగ. రెండవది దొంగ కాదు. పేరు ఒకటే కావడం వల్ల దొంగతోపాటు దొర కూడా శిక్ష అనుభవిస్తున్నాడు!

ఈ రెండింటికీ తేడా ఏమిటి? నేలమీద కాలు పెట్టకుండా ఆ రెండవ మొక్క ఎలా బ్రతుకుతోంది? దానిని మనం ఎందుకు కాపాడాలి? తెలుసుకుందాం.

దొంగ ఎవరు?

మొదటి బదనిక గుబురుగా పెరుగుతుంది. ఆకులు దళసరిగా ఉంటాయి. పూలు సన్నని గొట్టాల వలె ఎర్రగానో, నారింజరంగులోనో ఉంటాయి. పాఠ్యపుస్తకాలలో దీనిని లొరాంథస్ అనడం చూసి ఉంటారు. దీని పండ్లను పిడికిట్లో ఇమిడిపోయే చిన్న పిట్టలు తింటాయి. గింజ చుట్టూ బంక ఉంటుంది. ఆ బంకను వదిలించుకోవడానికి పిట్ట కొమ్మకు రుద్దుతుంది. గింజ అక్కడే అంటుకొని మొలకెత్తుతుంది.

మొలకెత్తిన వెంటనే అది చేసే పని ఏమిటంటే, చెట్టు బెరడును చీల్చుకొని లోపలి కొయ్య దాకా ఒక చూషకాన్ని దింపడం. దానినే హాస్టోరియం అంటారు. ఆ దారిలో చెట్టు పైకి పంపే నీటినీ, లవణాలనూ తాను లాగుకుంటుంది. ఆకుపచ్చని ఆకులున్నాయి కాబట్టి పిండిపదార్థం మాత్రం తానే తయారుచేసుకుంటుంది. అందుకే దీనిని పాక్షిక పరాన్నజీవి అంటారు. ఇది పట్టిన చోట కొమ్మ కణుపు కట్టినట్లు ఉబ్బుతుంది. ఆ పైభాగం క్రమంగా చిక్కిపోతుంది. తోటమాలి కోపానికి కారణం ఇదే.

ఇక రెండవది. దీని ఆకులు పట్టీల వలె పొడవుగా ఉండి, కాడకు రెండు ప్రక్కలా వరుసగా అమరి ఉంటాయి. తెల్లని లావుపాటి వేళ్ళు బెరడు మీద ప్రాకుతూ, కొన్ని గాలిలో వేలాడుతూ ఉంటాయి. పూలరేకులు పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో ఉండి, వాటిమీద గోధుమరంగు గళ్ళు అల్లినట్లు కనిపిస్తాయి. మధ్యలో ఊదారంగు పెదవి వంటి రేకు ఉంటుంది. దీని శాస్త్రీయ నామం వాండా టెస్సెల్లేటా. ఇది ఆర్కిడ్ కుటుంబానికి చెందినది. ‘వాండా’ అనే మాట సంస్కృతంలోని ‘వందా’ నుంచి వచ్చింది. ‘టెస్సెల్లేటా’ అంటే గళ్ళుగళ్ళుగా ఉన్నది అని అర్థం.

ఈ మొక్కకూ మన తెలుగునేలకూ ఒక సంబంధం ఉంది. గోదావరి మండలంలోని సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కోరమండల్ తీరపు మొక్కలను వర్ణిస్తూ, బొమ్మలతో పెద్ద గ్రంథం వెలువరించాడు. 1795లో ఆ గ్రంథంలోనే ఈ గళ్ళ పూల మొక్కకు మొదటిసారి శాస్త్రీయ నామం పెట్టాడు.

కరెంటు తీగలో రసం ఉంటుందా?

ఈ రెండవ మొక్క చెట్టు రసం త్రాగదని ఎలా చెప్పగలం? వేలితో మెల్లగా దాని వేరును తాకి చూడండి. అది బెరడును అంటిపెట్టుకొని ఉంటుందే కాని కొయ్యలోకి దిగదు. కొమ్మను కోసి చూసినా లోపల చూషకం కనిపించదు. ఎండిపోయిన కొమ్మ మీద కూడా ఇది పచ్చగానే ఉంటుంది. రసం త్రాగేదైతే కొమ్మతోపాటే ఎండిపోవాలి కదా!

ఇంతకంటే గట్టి సాక్ష్యం అమెరికా ఖండంలో ఉంది. అక్కడి వెచ్చని ప్రాంతాలలో టిలాండ్సియా అనే మొక్కలు చెట్లమీదనే కాదు, కరెంటు తీగలమీద కూడా గుత్తులు గుత్తులుగా పెరుగుతాయి. తీగలో పీల్చుకోవడానికి ఏ రసం ఉంది? ఆ మొక్కకు కావలసినది కూర్చోవడానికి చోటు మాత్రమే.

ఇలా చెట్లమీద నివసిస్తూ, చెట్టునుంచి ఆహారం తీసుకోని మొక్కలను వృక్షోపజీవులు అంటారు. ఇవి చెట్టును ఆధారం చేసుకునేది నిలబడడానికి, తిండికి కాదు. అడవిలో క్రింద చీకటి. పైన వెలుతురు. మహావృక్షాలు ఆ వెలుతురును అందుకోవడానికి ఏళ్ళ తరబడి మానును పెంచుతాయి. వృక్షోపజీవులు ఆ శ్రమ లేకుండా మేడమీద గది అద్దెకు తీసుకున్నట్లు పైనే మొలుస్తాయి.

చెట్టుకు వీటివల్ల కొంచెమైనా ఇబ్బంది లేదా అంటే, ఎప్పుడైనా ఉండవచ్చు. పుచ్చిపోయిన కొమ్మమీద బరువు ఎక్కువైతే విరగవచ్చు. అది బరువు వల్ల వచ్చిన నష్టమే కాని, దొంగతనం కాదు.

మరి తాటిచెట్టు తలపై మొలిచే మర్రి, రావి సంగతి ఏమిటని మీరు అడగవచ్చు. అవి చిన్నతనంలో వృక్షోపజీవులే. పిట్ట రెట్టలో పడిన గింజ తాటిమట్టల సందున మొలుస్తుంది. కాని అవి అక్కడితో ఆగవు. వేళ్ళను నేలదాకా దించి, సొంత కాళ్ళమీద నిలబడి, చివరకు తమను మోసిన తాటినే చుట్టేస్తాయి. వాండా ఏనాడూ నేలకు దిగదు.

ప్రపంచంలో వృక్షోపజీవులు ఎన్ని ఉన్నాయో తెలుసా? నాచు మొక్కలను విడిచిపెట్టి, పూలమొక్కలు, ఫెర్నులు మొదలైన వాటిని మాత్రమే లెక్కిస్తే 31,000 జాతులకు పైగా ఉన్నాయని 2021లో ప్రచురించిన ఒక జాబితా చెబుతోంది. అంటే అటువంటి మొక్కలలో దాదాపు పదోవంతు చెట్లమీదనే ఉన్నాయన్న మాట! వీటిలో అన్నిటికంటే పెద్ద బృందం ఆర్కిడ్లు. ప్రతి పది ఆర్కిడ్ జాతులలో సుమారు ఏడు చెట్లమీద పెరిగేవే.

నేల లేకుండా బ్రతుకు

కొమ్మమీద మన్ను లేదు. వాన కురిసినంతసేపే నీరు. వాన వెలిసిన గంటకల్లా బెరడు ఎండిపోతుంది. ఒక విధంగా, దట్టమైన అడవిలో ఉన్నా ఈ మొక్క ఎడారిలో ఉన్నట్లే. మరి నీరు ఎలా?

వాండా వేరు తెల్లగా ఉంటుందని చెప్పుకున్నాం. ఆ తెలుపు వెలమిన్ అనే పొరది. అది చనిపోయిన కణాలతో ఏర్పడిన స్పంజి వంటి తొడుగు. చాక్‌పీసు మీద నీటిచుక్క వేస్తే ఏమవుతుంది? చటుక్కున పీల్చుకుంటుంది. వెలమిన్ కూడా అంతే. వానచినుకు పడగానే నీటిని, ఆ నీటిలో కరిగివచ్చిన ధూళిని, లవణాలను పీల్చి, లోపలి సజీవ కణాలకు మెల్లగా అందిస్తుంది. తడిసినప్పుడు ఆ పొర పారదర్శకమై లోపలి పచ్చదనం బయటపడుతుంది. అవును, ఈ వేళ్ళలో పత్రహరితం ఉంటుంది. ఆకుల వలె ఇవీ ఆహారం తయారుచేస్తాయి!

నీరు సంపాదించడం ఒక ఎత్తు, దాచుకోవడం మరొక ఎత్తు. ఆకులోని పత్రరంధ్రాలు తెరిస్తేగాని బొగ్గుపులుసు వాయువు లోపలికి రాదు. తెరిస్తే ఆకులోని నీరు ఆవిరై పోతుంది. వాండా వంటి మొక్కలు ఈ చిక్కును తెలివిగా విడదీశాయి. అవి పగలు తలుపులు మూసివేసి, చల్లని రాత్రివేళ తెరుస్తాయి. రాత్రి లోపలికి వచ్చిన వాయువును మాలిక్ ఆమ్లం రూపంలో దాచిపెడతాయి. తెల్లవారి ఎండ వచ్చాక తలుపులు మూసుకొని, దాచిన ఆమ్లంనుంచి ఆ వాయువును విడిపించి చక్కెర తయారుచేసుకుంటాయి.

మన పెరళ్ళలో ఉండే రణపాల నేలమీద పెరిగే మొక్క అయినా ఇదే పద్ధతి పాటిస్తుంది. రాక్స్‌బర్గ్ తరువాత సామర్లకోట తోట బాధ్యత చూసిన బెంజమిన్ హేన్ ఒక వింత గమనించాడు. రణపాల ఆకు ఉదయం పుల్లగా, మధ్యాహ్నం చప్పగా, సాయంత్రం కాస్త చేదుగా ఉన్నదట! ఆయన రాసిన ఉత్తరం 1815లో లండన్‌లో అచ్చయింది. రాత్రి దాచిన ఆమ్లమే ఉదయపు పులుపుకు కారణమని ఇప్పుడు మనకు తెలుసు.

నీటి సంగతి సరే, ఎరువు ఎలా? ఒక్కొక్క మొక్క ఒక్కొక్క ఉపాయం పన్నింది. తూర్పు కనుమలలో బండలమీద, చెట్లమీద కనిపించే డ్రైనేరియా అనే ఫెర్నుకు రెండు రకాల ఆకులుంటాయి. ఒక రకం పొడవైన పచ్చని ఆకులు. మరొక రకం పొట్టివి. త్వరగా ఎండి గోధుమరంగుకు తిరిగినా రాలిపోవు. కొమ్మకు ఆనుకొని దోసిలిపట్టినట్లు నిలుస్తాయి. పైనుంచి రాలిన ఆకులు, రెట్టలు, దుమ్ము ఆ దోసిలిలో చేరి కుళ్ళి ఎరువవుతాయి. ఫెర్ను తన ఎరువుగుంతను తానే కట్టుకుందన్న మాట!

ఆగ్నేయాసియాలో పెరిగే డిస్కీడియా మేజర్ చీమలతో పొత్తు కుదుర్చుకుంది. దాని కొన్ని ఆకులు బోలు సంచుల వలె ఉంటాయి. చీమలు అందులో కాపురముండి, చెత్త అక్కడే పోస్తాయి. మొక్క ఆ సంచిలోకే వేరు పంపి ఎరువు తీసుకుంటుంది. చీమలు కాపురమున్న మొక్కల ఆకులలోని నత్రజనిలో 29 శాతం వాటి చెత్తనుంచీ, కర్బనంలో 39 శాతం వాటి శ్వాసనుంచీ వచ్చినదని 1995లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు.

చెట్టే తీసుకుంటుంది!

వృక్షోపజీవులు పోగుచేసిన ఈ మన్ను ఎవరికి ఉపయోగం? 1981లో నళిని నాద్కర్ణి అనే శాస్త్రవేత్త ఒక ఆశ్చర్యకరమైన విషయం ప్రకటించింది. తేమ ఎక్కువగా ఉండే అడవులలో ఆమె చెట్లెక్కి, కొమ్మలమీది నాచు, ఫెర్నుల పొరను ఎత్తి చూసింది. లోపల వేళ్ళు కనిపించాయి. అవి ఏ చిన్న మొక్కవో కావు, ఆ చెట్టువే! చెట్టు తన కొమ్మలనుంచే వేళ్ళు పుట్టించి, తనపై కూర్చున్న మొక్కలు పోగుచేసిన మన్నులోంచి పోషకాలు తీసుకుంటున్నది. ఎవరు ఎవరిని దోచుకుంటున్నట్లు?

ఇంకొక ఉదాహరణ చూడండి. బోర్నియో అడవులలో పక్షిగూటి ఫెర్ను అనేది చెట్ల కొమ్మలమీద బ్రహ్మాండంగా పెరుగుతుంది. ఈ ఫెర్నులలో నివసించే కీటకాలు మొదలైన చిన్న ప్రాణులను లెక్కించి 2004లో శాస్త్రజ్ఞులు ఫలితాలు ప్రకటించారు. చెట్ల తలలపై ఉంటాయనుకున్న ఇటువంటి ప్రాణుల మొత్తం బరువును దాదాపు రెట్టింపు చేయవలసి వచ్చింది! కప్పలకు, బల్లులకు, పక్షులకు తిండి, నీడ, నీరు ఇచ్చే చిన్న ఊళ్ళు ఈ మొక్కలు.

ధూళివంటి విత్తనాలు

ఇంత తెలివిగల మొక్క ఎక్కడబడితే అక్కడ విస్తరించాలి కదా! ఆర్కిడ్ కాయలోని విత్తనాలు ధూళి వలె సన్నగా ఉంటాయి. ఇంగ్లండులో నేలమీద పెరిగే ఒక ఆర్కిడ్ కాయలో సుమారు 6,200 విత్తనాలున్నట్లు చార్లెస్ డార్విన్ లెక్కించాడు. మొక్కకు 30 కాయలు కాస్తే 1,86,300 విత్తనాలు. అన్నీ మొలిస్తే, మునిమనుమల కాలానికి భూమిమీది నేలంతా ఆ మొక్కలతోనే కప్పబడుతుందని ఆయన లెక్క తేలింది. కాని అలా జరగడం లేదు. ఎందువల్ల?

శనగగింజను నానబెట్టి విప్పితే రెండు బద్దలు కనిపిస్తాయి. అవి మొలకకు తల్లి కట్టి ఇచ్చిన సద్దిమూట. ఆర్కిడ్ విత్తనానికి ఆ మూట లేదు. గాలిలో తేలిపోవాలంటే బరువు ఉండకూడదు మరి! అందువల్ల ఆ విత్తనం వాలిన చోట ఒక ప్రత్యేకమైన శిలీంధ్రం ఉండాలి. శిలీంధ్రపు పోగులు విత్తనంలోకి చేరి ఆహారం అందిస్తేనే అది మొలకెత్తుతుంది. ఈ రహస్యాన్ని 1899లో నోయెల్ బెర్నార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. వేలకొలది విత్తనాలలో సరైన బెరడు, సరైన తేమ, సరైన శిలీంధ్రం మూడూ కలిసి దొరికేది ఏ ఒకటి రెండింటికో. అవి కూడా పూత పూయడానికి ఏళ్ళు పడుతుంది.

పోయినది తిరిగి వస్తుందా?

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. 1850లో జోసెఫ్ హుకర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఖాసీ కొండలలో నీలి వాండా పూలను చూసి ముచ్చటపడి, ఏడుగురు మనుషులు మోయగలిగినన్ని మొక్కలు లండన్ దగ్గరి క్యూ తోటకు సేకరించాడు. ప్రాణాలతో ఇంగ్లండు చేరినవి కొద్దిమాత్రమే. దారి తెలుసుకున్న మరొకరు ఒక మనిషి మోసేటన్ని పంపితే, చితికిపోయిన స్థితిలో కూడా అవి 300 పౌనులకు అమ్ముడుపోయాయి. అంత డబ్బు వస్తుంటే కొండలలో మొక్క మిగులుతుందా? పూలకోసం, మందులకోసం, వ్యాపారం కోసం అడవి ఆర్కిడ్లను ఊడబెరకడం ఆనాటినుంచీ సాగింది.

ఇప్పుడు చట్టాలు వచ్చాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణతో నీలి వాండా, ఎర్ర వాండా వంటి కొన్ని మొక్కలకు రక్షణ కల్పించారు. 1975లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం క్రింద ఆర్కిడ్ కుటుంబమంతటికీ దేశాలమధ్య వ్యాపారంలో అదుపు ఉంది. అరుణాచల్ ప్రదేశ్‌లోని సెస్సాలో ఆర్కిడ్ల కోసమే ఒక అభయారణ్యం ఉంది. 1922లో లూయిస్ నడ్సన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు, శిలీంధ్రం లేకుండానే చక్కెర కలిపిన మాధ్యమంలో ఆర్కిడ్ విత్తనాలు మొలిపించవచ్చని చూపాడు. ఆ దారినే నేడు గాజుసీసాలలో లక్షలాది మొక్కలు పెంచుతున్నారు. పూలు కావాలంటే అడవిని దోచనక్కరలేదు.

కాని చట్టం కొనుగోలుదారుని అదుపు చేయగలదే కాని, నరికిన చెట్టుపైనుంచి జారిపడిన మొక్కను బ్రతికించలేదు. భారత వృక్ష సర్వేక్షణ సంస్థ 2019లో ఇచ్చిన లెక్క ప్రకారం మన దేశంలో 1,256 రకాల ఆర్కిడ్లుంటే, వాటిలో 757 వృక్షోపజీవులే. వాటి ఇల్లు చెట్టు. చెట్టు పోతే అన్నీ పోతాయి. "ఒకటి కొడితే రెండు నాటుతాం" అంటే చాలదు. నిన్న నాటిన మొక్కకు గరుకుబెరడు ఎక్కడిది? ఆ బెరడు సందులలో మన్ను, నాచు, శిలీంధ్రం ఎక్కడివి? కోస్టరికాలో నాద్కర్ణి కొన్ని కొమ్మలను శుభ్రంగా గీకి, మళ్ళీ ఎప్పుడు మొలుస్తాయో అని ఎదురుచూసింది. మొదటి అయిదేళ్ళలో దాదాపు ఏమీ మొలవలేదు! అడవి మధ్యలో, చుట్టూ విత్తనాలుండగానే ఇంత ఆలస్యమైతే, ఊరి తోటలో సంగతి ఏమిటో ఆలోచించండి. అరనిమిషంలో కత్తి చేసే పని అది.

మీరు చేయగలిగినది

మీ ఊరి తోటలో బదనిక కొట్టే రోజున అక్కడ ఉండండి. కత్తి పడకముందు ఈ నాలుగు గుర్తులు పెద్దలకు చూపండి:

1. మొక్క పుట్టినచోట కొమ్మ ఉబ్బి, రెండూ అతుక్కుపోయి ఉంటే అది పరాన్నజీవి. దానిని కొట్టవలసినదే.
2. తెల్లని తాళ్ళవంటి వేళ్ళు బెరడుపై ప్రాకుతూ, గాలిలో వేలాడుతూ ఉంటే అది వాండా. వదిలివేయండి.
3. ఆకులు మామూలు కొమ్మలవలె గుబురుగా ఉంటే మొదటిది. రెండు వరుసలలో పట్టీలవలె ఉంటే రెండవది.
4. ఎండిన కొమ్మమీద కూడా పచ్చగా ఉంటే అది దొంగ కాదు.

ముసలిచెట్టు కూలిపోయినా, కొమ్మ కొట్టవలసి వచ్చినా, దానిపైని వాండాను పారవేయవద్దు. వేళ్ళు తెగకుండా తీసి, దగ్గరలోని మరొక గరుకుబెరడు చెట్టుకు, సగం నీడ ఉన్నచోట నారతో కట్టండి. వానాకాలం మొదట్లో కడితే మంచిది. అడవిలోనివి మాత్రం ఇంటికి తేవద్దు. అస్సాంలో బిహు పండుగకు ఆడపిల్లలు జడలో తురుముకునే కపౌ పూవు ఒక వృక్షోపజీవి ఆర్కిడే. ఆ మొక్క మన తూర్పు కనుమలలో కూడా ఉంది. చూసి ఆనందించండి, పీకి తేవద్దు.

చేసి చూడండి

రణపాల ఆకు నమలకుండానే హేన్ చూసిన వింతను మీరూ చూడవచ్చు. తెల్లవారుజామున కోసిన ఆకును నూరి, రసం పది చుక్కలు చెంచాడు నీటిలో కలపండి. అందులో సున్నపు తేటను చుక్క చుక్కగా వేస్తూ, ప్రతి కొన్ని చుక్కలకు ఒకసారి పసుపు పూసిన కాగితంపై తాకించండి. కాగితం ఎర్రబడేసరికి ఎన్ని చుక్కలు పట్టాయో రాసుకోండి. ఎండలో ఉన్న ఆకును సాయంత్రం కోసి, మళ్ళీ అలాగే చేయండి. ఏ పూట ఎక్కువ చుక్కలు పట్టాయి? ఎందుకు? సున్నపు తేట కళ్ళలో పడకుండా జాగ్రత్త. పెద్దవాళ్ళ ఎదుటనే చేయండి.

ఆలోచించండి

1. వాండా వేరు ఎండినప్పుడు తెల్లగా, తడిసినప్పుడు పచ్చగా ఎందుకు కనిపిస్తుంది?
2. కరెంటు తీగమీద టిలాండ్సియా బ్రతుకుతుంది. లొరాంథస్ బ్రతకగలదా?
3. ఆర్కిడ్ విత్తనానికి సద్దిమూట లేకపోవడం వల్ల లాభం ఏమిటి? నష్టం ఏమిటి?
4. మీ ఊరిలో అన్నిటికంటే ముసలి చెట్టు ఏది? దానిమీద ఎన్ని రకాల మొక్కలు పెరుగుతున్నాయో లెక్కించి, మీ ఉపాధ్యాయులకు చూపండి.